ఎనిమిది మైళ్ళకో ఊరు: అమెరికా వ్యవసాయ పట్టణాల పుట్టుక, పెరుగుదల, తరుగుదల

నెబ్రాస్కా మ్యాపులో లింకన్ నగరం దాటాక పడమరకి సాగే రైలు మార్గం వెంట ఊళ్ళ పేర్లు చదువుకుంటూ పోతే ఒక తమాషా బయటపడుతుంది. క్రీట్, డార్చెస్టర్, ఎక్సెటర్, ఫెయిర్‌మాంట్, గ్రాఫ్టన్, హార్వర్డ్, ఇన్‌లాండ్, జునియాటా, కెనెసా, లోవెల్. మధ్యలో ఒకటి రెండు వేరే ఊళ్ళు తగిలినా, ఇంగ్లిష్ అక్షరాల్లో సి నుంచి ఎల్ దాకా ఒక్కటీ తప్పిపోలేదు. 1871, 72 సంవత్సరాల్లో ఆ లైను వేసిన బర్లింగ్టన్ అండ్ మిసూరీ రివర్ రైల్‌రోడ్ కంపెనీ తన స్టేషన్లకి ఈ వరసలో పేర్లు పెట్టుకుంటూ పోయింది. ఊరి పేరు వెనక ఓ దేవుడో, ఓ చెరువో, ఎప్పటిదో ఓ ఇంటిపేరో ఉండటం అలవాటైన మనకి ఇది వింతే. కానీ అక్కడ పేరు పెట్టే నాటికి చాలా స్టేషన్ల దగ్గర కాపురమున్న రైతులే తక్కువ. అడగడానికి ఎవరూ లేనప్పుడు గుమాస్తాకి తోచిందే పేరు.

అమెరికా మైదానాల్లోని చిన్న వ్యవసాయ పట్టణాల గురించి బాగా ప్రచారంలో ఉన్న కథ ఒకటుంది. కష్టజీవులు వచ్చారు, నేల దున్నారు, పంటల మధ్య ఊరు వెలిసింది, తరాలు మారాక పిల్లలు నగరాలకి పోయారు, ఊరు చిక్కిపోయింది. ఇందులో కష్టం మాట నిజమే, వరసే తలకిందులైంది. చాలాచోట్ల ముందు ఊరు గీశారు, తర్వాత జనాన్ని రప్పించారు. ఊరు అమ్ముకునే సరుకు. ఎంత దూరానికి ఒక ఊరు వేయాలన్నది గుర్రపు బండి నడకని బట్టి లెక్క కట్టారు. ఆ లెక్క తప్పిపోయిన రోజున సగానికి సగం ఊళ్ళకి చేసే పని లేకుండా పోయింది. పిల్లలు వెళ్ళిపోవడం ఆ తర్వాతి సంగతి.

గీతలు ముందు, మనుషులు తర్వాత

అన్నిటికంటే ముందు వచ్చినవి గీతలు. 1785లో అమెరికన్ కాంగ్రెస్ చేసిన భూమి చట్టం ప్రకారం పడమటి భూముల్ని ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు ఉండే టౌన్‌షిప్పులుగా కొలిచారు. ఒక్కో టౌన్‌షిప్పులో మైలు చదరపు ముక్కలు 36. ఒక్కో ముక్క, అంటే సెక్షన్, 640 ఎకరాలు. అందులో 16వ సెక్షన్ బడికి. వాగు అడ్డం వచ్చినా, గుట్ట అడ్డం వచ్చినా గొలుసు పట్టుకున్న సర్వేయరు తిన్నగానే వెళ్ళాడు. ఇవాళ విమానంలో ఐయోవా మీదుగా పోతుంటే కింద కనపడే గళ్ళు ఆ గొలుసు గుర్తులే.

ఆ గళ్ళలో అప్పటిదాకా ఎవరూ లేరనుకోవడం పొరపాటు. పానీ, ఓటో-మిసూరియా, కా, ఓసేజ్ జాతుల వాళ్ళు అక్కడే మొక్కజొన్న వేసుకునేవారు, ఏడాదికి రెండుసార్లు అడవిదున్నల వేటకి పడమరకి వెళ్ళొచ్చేవారు. ఒప్పందాల మీద ఒప్పందాలు రాయించుకుంటూ వాళ్ళ భూమిని కుదించి, 1870ల్లో ఎక్కువమందిని ఇప్పటి ఓక్లహామాకి తరలించారు. అక్కడితోనూ ఆగలేదు. 1887 నాటి డాస్ చట్టం ఉమ్మడి భూమిని మనిషికింత అని పంచి, ‘మిగులు’ అని తేల్చినదాన్ని బయటివాళ్ళకి తెరిచింది. ఆ ఏడాది 13.8 కోట్ల ఎకరాలున్న ఇండియన్ల భూమి 1934 నాటికి 4.8 కోట్లకి పడిపోయింది. హోమ్‌స్టెడ్ భూమిని ‘ఉచితం’ అన్నప్పుడల్లా ఈ లెక్క పక్కన పెట్టుకుని చదవాలి.

1862 మే 20న లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం షరతులు సులువుగానే కనిపిస్తాయి. 160 ఎకరాలు, అన్నీ కలిపి 18 డాలర్ల ఫీజు. ఐదేళ్ళు ఆ భూమి మీదే కాపురం ఉండి సాగు చేసి, ఇద్దరు సాక్షుల్ని తెచ్చి రుజువు చేస్తే పట్టా చేతికొస్తుంది. చట్టం అమల్లోకి వచ్చిన 1863 జనవరి 1నే నెబ్రాస్కాలోని బియాట్రిస్ దగ్గర భూమికి డేనియల్ ఫ్రీమన్ అనే ఆయన దరఖాస్తు వేశాడు. మొత్తమ్మీద ఈ చట్టం కింద పట్టాలు దక్కించుకున్నవాళ్ళు సుమారు 16 లక్షల మంది, పంచిన భూమి 27 కోట్ల ఎకరాలు.

ఇందులో ఊళ్ళ రూపాన్ని తేల్చిన షరతు ‘ఆ భూమి మీదే కాపురం’ అన్నది. మన దగ్గర రైతు ఊళ్ళో ఉంటాడు, పొద్దున్నే పొలానికి వెళ్తాడు. ఐరోపాలోనూ చాలాచోట్ల అంతే. ఇక్కడ రైతు పొలంలోనే ఉండాలి. అరమైలుకో ఇల్లు. పక్కింటి వాళ్ళ దీపం కనపడితే అదే గొప్ప. మరి ఊళ్ళో ఎవరుంటారు? రైతులు తప్ప మిగిలినవాళ్ళు: కొట్టువాళ్ళు, బ్యాంకువాళ్ళు, కమ్మరి, డాక్టరు, పత్రికాయన, పాస్టరు. అంటే అమెరికా వ్యవసాయ పట్టణం రైతుల ఊరు కాదు, రైతుల మీద బతికే ఊరు. రైతుకీ ఊరికీ మధ్య ఆ తర్వాత నడిచిన గొడవలు సగం ఇక్కడే పుట్టాయి.

దీనికి ఎదురెళ్ళి చూసినవాళ్ళూ ఉన్నారు. 1874లో రష్యా నుంచి జర్మన్ మాట్లాడే మెనొనైట్లు అనే క్రైస్తవ శాఖ వాళ్ళు కాన్సస్‌లోని మారియన్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) వచ్చి, శాంటా ఫే రైల్వే దగ్గర భూమి కొనుక్కుని గ్నాడెనౌ అనే పల్లె కట్టుకున్నారు. ఒకే వీధి, వీధికి రెండు వైపులా ఇళ్ళు, ఇళ్ళ వెనక పొడుగాటి చేలు. తాతల నాటి పద్ధతి. కొన్నేళ్ళకే అది విడిపోయింది. కాగితం మీద భూమి నలుచదరపు ముక్కలుగా ఒక్కొక్కరి పేరున ఉన్నప్పుడు ఉమ్మడి వీధి ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఎవరి ముక్కలోకి వాళ్ళు ఇల్లు మార్చుకున్నారు.

రైల్వే వేసిన వెంచర్లు

రైలు కంపెనీలకి ప్రభుత్వం డబ్బుకి బదులు భూమి ఇచ్చింది. 1862లోనే చేసిన రైల్వే చట్టం ప్రకారం యూనియన్ పసిఫిక్‌కి లైను వేసిన ప్రతి మైలుకీ పది సెక్షన్లు, 1864లో దాన్ని ఇరవై చేశారు. లైనుకి రెండు వైపులా ఒక గడి కంపెనీది, ఒక గడి ప్రభుత్వానిది, మళ్ళీ కంపెనీది. భూమి చేతిలో ఉంది గానీ, పంట పండించి బోగీలు నింపేవాళ్ళు లేకపోతే రైలుకి సరుకెక్కడిది? కాబట్టి రైల్వే కంపెనీలు భూమి అమ్మే ఆఫీసులు తెరిచి, నాలుగైదు భాషల్లో కరపత్రాలు అచ్చేసి, ఐరోపాకి ఏజెంట్లని పంపాయి. డకోటాలో ఎడ్వింటన్ అనే ఊరికి 1873లో నార్తర్న్ పసిఫిక్ కంపెనీ బిస్మార్క్ అని పేరు మార్చింది. ఆ జర్మన్ ఛాన్సలర్ అక్కడ కాలు పెట్టింది లేదు. జర్మనీ వాళ్ళ పెట్టుబడి కోసం వేసిన ఎర అది. ఇవాళ అది ఒక రాష్ట్ర రాజధాని.

హైదరాబాద్ చుట్టూ వెంచర్ల బ్రోషర్లు చూసినవాళ్ళకి ఇదంతా కొత్తగా అనిపించదు. రైల్వే కంపెనీ, లేదా దాని డైరెక్టర్ల సొంత టౌన్‌సైట్ కంపెనీ, స్టేషన్ రాబోయే చోట ఒక సెక్షన్‌లో లేఅవుట్ గీసేది. మెయిన్ స్ట్రీట్ మీద ప్లాటు ముఖం 25 అడుగులు, ఇళ్ళ వీధుల్లో దానికి రెట్టింపు. మూల ప్లాటు రేటు ఎక్కువ, దాన్ని ఎక్కువగా బ్యాంకు కొనుక్కునేది. చర్చిలకీ బడికీ కొన్ని ప్లాట్లు ఊరికే ఇచ్చేవారు, అవి ఉంటేనే మిగతావి అమ్ముడుపోతాయి గనక. తర్వాత రోజుల్లో వేసిన ఊళ్ళకి ఇంగ్లిష్ ‘టి’ అక్షరం ఆకారం స్థిరపడింది. అడ్డంగా పట్టాలు, స్టేషన్ ఎదురుగా నిలువుగా మెయిన్ స్ట్రీట్. పట్టాలకి ఆవలి వైపు ధాన్యం ఎలివేటర్లు, అంటే ధాన్యం నిల్వ చేసి బోగీల్లోకి నింపే కట్టడాలు. కొట్లలోకి వచ్చే గుర్రాలు రైలు కూతకి బెదరకుండా, అమ్మకాలు పట్టాలు దాటకుండా ఈ ఏర్పాటు. ఒక ఊరు చూస్తే వంద ఊళ్ళు చూసినట్టే అని వచ్చినవాళ్ళు అప్పుడే విసుక్కున్నారు. తప్పు లేదు. ఒకే డ్రాయింగ్‌ని మళ్ళీ మళ్ళీ వాడారు.

ఇక దూరం. లోడు ధాన్యంతో గుర్రపు బండి పొద్దున బయల్దేరి, అమ్ముకుని, సరుకులు కొనుక్కుని, చీకటి పడేలోగా ఇల్లు చేరాలంటే ఊరు నాలుగైదు మైళ్ళ లోపు ఉండాలి. అంటే ఊరికీ ఊరికీ మధ్య ఏడు నుంచి పది మైళ్ళు. ఆవిరి ఇంజన్లకి నీళ్ళు పట్టడానికీ ఆ దూరం సరిపోయేది. రైలు కంపెనీల మధ్య పోటీ మొదలయ్యాక ఈ లెక్క కూడా పక్కకి పోయింది. 1905లో ఉత్తర డకోటా ఉత్తరపు కొసన సూ లైన్, గ్రేట్ నార్తర్న్ కంపెనీలు పోటాపోటీగా పట్టాలు వేసి, ఎదుటివాడి గోధుమలు లాక్కోవడానికి ఒకటి రెండేళ్ళలో డజన్ల కొద్దీ ఊళ్ళు వేసేశాయి. అన్ని ఊళ్ళకి సరిపడా రైతులున్నారా అని ఎవరూ ఆగి చూడలేదు. ప్లాట్లు అమ్ముడైతే కంపెనీ డబ్బు కంపెనీకి వచ్చేసేది.

ఊరి తలరాత ఎంత చిన్న విషయం మీద ఆధారపడిందో చూడాలంటే అక్షరాల వరసలోని ‘జె’ దగ్గరికి వెళ్ళాలి. జునియాటా రైల్వే వేసిన ఊరు, ఆడమ్స్ కౌంటీ కేంద్రం కూడా అదే. దానికి కొద్ది మైళ్ళ తూర్పున, 1872లో, సెయింట్ జోసెఫ్ నుంచి వచ్చే ఇంకో రైలు లైను బర్లింగ్టన్ లైనుని దాటింది. ఆ కూడలిలో హేస్టింగ్స్ అనే ఊరు లేచింది. అక్షరాల వరసలో దానికి చోటే లేదు, ‘హెచ్’ అప్పటికే హార్వర్డ్‌కి పోయింది. రెండు రైళ్ళున్న ఊళ్ళో రైతుకి రెండు బేరాలు. ఆరేళ్ళు తిరక్కుండా, 1878లో, కౌంటీ కేంద్రం హేస్టింగ్స్‌కి వచ్చేసింది. ఇవాళ హేస్టింగ్స్ జనాభా పాతిక వేల దరిదాపుల్లో ఉంది, జునియాటాది వెయ్యి లోపు. పిల్లలు నీళ్ళలో కలుపుకుని తాగే కూల్-ఎయిడ్ పొడి 1927లో పుట్టింది కూడా ఈ వరసలో లేని ఊళ్ళోనే. వరసలో చివరిదైన లోవెల్‌కి కొన్నాళ్ళు కౌంటీ కేంద్రమూ ఉంది, ప్రభుత్వ భూమి ఆఫీసూ ఉంది. రెండూ తరలిపోయాయి, వాటితోపాటే ఊరూ పోయింది.

రైలు రాని నికోడెమస్

అలాంటి ఊళ్ళలో ఒక్కదాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. 1877లో, అంతర్యుద్ధం తర్వాత దక్షిణాదిన నల్లవాళ్ళకి దొరికిన కొద్దిపాటి రక్షణ కూడా పోతున్న రోజుల్లో, కెంటకీలోని నల్లజాతి చర్చిల్లో ఒక కరపత్రం తిరిగింది. కాన్సస్‌లోని గ్రాహం కౌంటీలో, సోలమన్ నది ఒడ్డున నికోడెమస్ అనే ఊరు వేస్తున్నాం, రండి అని. ఊరు వేసిన కంపెనీలో డబ్ల్యు.ఆర్. హిల్ అనే తెల్ల వ్యాపారి, డబ్ల్యు.హెచ్. స్మిత్ అనే నల్ల పాస్టరు ముఖ్యులు. ఆ సెప్టెంబరులో మూడు వందల మందికి పైగా వచ్చారు. దగ్గరి రైలు స్టేషన్ ఎల్లిస్, అక్కడి నుంచి ముప్ఫై మైళ్ళ పైన నడక.

మరుసటి ఏడాది వచ్చిన విలియానా హిక్‌మన్ తాను చూసింది తర్వాత చెప్పింది. ఊరెక్కడా కనపడక ఏదీ అని అడిగితే, నేలలోంచి అక్కడక్కడా లేస్తున్న పొగని భర్త చూపించాడట, అదే నికోడెమస్ అని. చెట్టన్నది లేని చోట కలప లేదు. జనం మట్టి తవ్వుకుని గుంటల్లో కాపురం ఉన్నారు. ఆమె అక్కడే నిలబడి ఏడ్చేసింది. మొదటి గుంపులో చాలా కుటుంబాలు వెనక్కి వెళ్ళిపోయాయి. ఉన్నవాళ్ళకి గుర్రాలు లేవు, కొందరు పారలతో నేల తిరగేశారు. మొదటి చలికాలం వేట నుంచి తిరిగి వెళ్తున్న ఓసేజ్ వాళ్ళు మాంసం ఇచ్చి ఆదుకున్నారు. అంతకు కొన్నేళ్ళ ముందే కాన్సస్ నుంచి వెళ్ళగొట్టినవాళ్ళు వాళ్ళు.

పదేళ్ళు గడిచేసరికి నికోడెమస్ ఊరంటే ఊరే. రెండు పత్రికలు, హోటళ్ళు, బ్యాంకు, చర్చిలు, ఒక బేస్‌బాల్ జట్టు. అక్కడి ఎడ్వర్డ్ మెకేబ్ 1882లో కాన్సస్ రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికయ్యాడు. ఇక కావాల్సింది రైలు. రెండు మూడు కంపెనీల చుట్టూ తిరిగారు, బాండ్లు రాసివ్వడానికి ఓట్లు వేశారు. 1888లో యూనియన్ పసిఫిక్ వచ్చింది, కానీ నది అవతల కొన్ని మైళ్ళ దూరంలో పట్టాలు వేసి బోగ్ అనే కొత్త ఊరు పెట్టింది. నికోడెమస్ కొట్టువాళ్ళు తమ చెక్క కట్టడాల్ని లాక్కుని మరీ బోగ్‌కి మారిపోయారు. అప్పట్లో ఊరు మారడం అంటే చాలాచోట్ల అక్షరాలా అంతే, ఇంటి కింద దుంగలు పెట్టి గుర్రాలు కట్టి లాగడం. నికోడెమస్ మెల్లగా సన్నబడింది. 1996లో దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. కాపురం ఉండేవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే.

ఇందులో జాతి వివక్ష పాలు ఎంత, మామూలు రైల్వే బేరం పాలు ఎంత అని విడదీయడం కష్టం. తెల్లవాళ్ళ ఊళ్ళు కూడా ఇలాగే వందల్లో పోయాయి. తేడా ఏమిటంటే, పోయిన ఊళ్ళోంచి లేచి ఇంకో ఊళ్ళో తలుపు తట్టే స్వేచ్ఛ అందరికీ ఒకేలా లేదు.

ఎలివేటర్, బ్యాంకు, కోర్టు

దూరం నుంచి వచ్చేవాళ్ళకి ముందు కనపడేది చర్చి శిఖరం కాదు, ఎలివేటర్. గోధుమల బండిని లోపలికి తోలి కాటా మీద తూస్తారు. బండిని ఎత్తి ధాన్యాన్ని నేలలోని గుంటలోకి వంపేస్తారు. తిరిగే బెల్టుకి బిగించిన చిన్న చిన్న డబ్బాలు దాన్ని పైకి తోడి, కట్టడం నెత్తిన ఉన్న గొట్టం దగ్గర వదిలేస్తాయి. అక్కడి నుంచి ఏ గదిలోకి కావాలంటే ఆ గదిలోకి, లేదా తిన్నగా రైలు బోగీలోకి, దాని బరువుకి అదే జారిపోతుంది. 1842లో బఫెలో రేవులో జోసెఫ్ డార్ట్ కట్టించిన మొదటి ఆవిరి ఎలివేటర్ పద్ధతి ఇదే. బస్తాలు మోసే కూలీలతో పని లేకపోయింది.

రైతుకి గుండె దడ కాటా దగ్గరే. ధాన్యం గ్రేడు చెప్పేది ఎలివేటర్ మనిషి. తేమ ఎక్కువుందని కోత, మట్టి ఉందని కోత. ఊళ్ళో రెండు మూడు ఎలివేటర్లున్నా చాలాచోట్ల అన్నీ మినియాపొలిస్ కంపెనీలవే, ధర మాట్లాడుకునే చెప్పేవి. 1867లో మొదలైన గ్రేంజ్ అనే రైతు సంఘాలు ఈ కడుపుమంటతోనే పెరిగాయి. ఎలివేటర్ల ఛార్జీలకి రాష్ట్రం హద్దు పెట్టవచ్చని 1877లో మన్ వర్సెస్ ఇల్లినాయ్ కేసులో సుప్రీం కోర్టు తేల్చింది. ఉత్తర డకోటా రైతులు ఇంకో అడుగు ముందుకేసి, 1915లో నాన్‌పార్టిజాన్ లీగ్ పెట్టుకుని ప్రభుత్వాన్నే చేతిలోకి తీసుకున్నారు. 1919లో ప్రభుత్వ బ్యాంకు, 1922లో గ్రాండ్ ఫోర్క్స్‌లో ప్రభుత్వ పిండి మిల్లు, ఎలివేటర్ వచ్చాయి. రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి. పెట్టుబడిదారీకి పుట్టిల్లు అనుకునే దేశంలో, అదీ ఓటు విషయంలో గట్టి సంప్రదాయవాదులున్న రాష్ట్రంలో!

ఆ ఎలివేటర్ల గోధుమలు మన దాకా వచ్చిన రోజులూ ఉన్నాయి. 1954 నాటి పీఎల్-480 అనే ఆహార సాయం చట్టం కింద, కరువు కాటేసిన 1960ల మధ్యలో, అమెరికాలో పండిన గోధుమల్లో దాదాపు ఐదో వంతు ఇండియాకే ఓడలెక్కింది. అక్కడి చిన్న ఊళ్ళకి అది మిగులు సరుకు వదిలించుకునే దారి, ఇక్కడ రేషన్ షాపు క్యూ.

కౌంటీ కేంద్రం కోసం జరిగిన కొట్లాటలు ఇప్పుడు చదివితే నవ్వొస్తాయి, అప్పుడు ప్రాణాలే పోయాయి. కోర్టు ఉన్న ఊళ్ళో వకీళ్ళుంటారు, రిజిస్ట్రేషన్లుంటాయి, హోటలు నడుస్తుంది, రైలు లేకపోయినా ఊరు బతుకుతుంది. కాన్సస్‌లోని స్టీవెన్స్ కౌంటీలో హ్యూగోటన్, వుడ్స్‌డేల్ ఊళ్ళ మధ్య మొదలైన తగువు 1888 జూలై 25న నలుగురి హత్య దాకా వెళ్ళింది. హ్యూగోటన్ ఇప్పటికీ కౌంటీ కేంద్రం. వుడ్స్‌డేల్ మ్యాపులో లేదు.

పత్రికలది ఇంకో రకం బతుకు. ఐదేళ్ళు పూర్తయిన రైతు పట్టా కోసం వచ్చినప్పుడు దగ్గరి పత్రికలో డబ్బు కట్టి ప్రకటన వేయించాలని చట్టం. ఆ ప్రకటనల మీదే నూరు గడపల ఊళ్ళో కూడా పత్రిక నడిచేది. చుట్టుపక్కల పట్టాలన్నీ అయిపోయాక చాలా పత్రికలు మూతపడ్డాయి. ఉన్నన్నాళ్ళూ మాత్రం మా ఊరు ఇంకో షికాగో అవుతుందని రాస్తూనే ఉన్నాయి.

ఎక్కువైపోయిన ఊళ్ళు

వానల విషయంలోనూ ఇదే ధోరణి. నూరో రేఖాంశం దాటి పడమరకి పోతే ఏడాదికి ఇరవై అంగుళాల వాన కూడా గ్యారంటీ లేదు. అక్కడ 160 ఎకరాలు ఒక కుటుంబానికి చాలవని, పశువుల మేతకైతే 2,560 ఎకరాలు కావాలని జాన్ వెస్లీ పావెల్ 1878లోనే ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. ఎవరూ పట్టించుకోలేదు. నాగలి వెంటే వాన వస్తుందని, దున్నేకొద్దీ వర్షాలు పెరుగుతాయని చెప్పేవాళ్ళు ప్రొఫెసర్లలో కూడా ఉన్నారు. 1880ల మధ్యలో వానలు బాగా పడేసరికి అది రుజువైనట్టే అనుకున్నారు. 1890ల కరువులో పశ్చిమ కాన్సస్ కౌంటీలు ఖాళీ అయ్యాయి. 1930ల దుమ్ము తుఫానులు అందరికీ తెలిసినవే గనక ఇక్కడ విస్తరించనక్కర్లేదు.

అసలు దెబ్బ మాత్రం ఆకాశం నుంచి కాదు, తపాలా సంచీలోంచి వచ్చింది. 1896లో పల్లె ఇళ్ళకి ఉచితంగా ఉత్తరాలు అందించే పద్ధతి ప్రయోగంగా మొదలై, 1902 నాటికి శాశ్వతమైంది. అప్పటిదాకా ఉత్తరం కోసం ఊళ్ళోకి వచ్చిన రైతు పనిలో పనిగా సరుకులు కొనేవాడు. ఉత్తరం ఇంటికే వచ్చాక ఆ రాక తగ్గింది. 1913 జనవరి 1న పార్శిల్ పోస్టు మొదలయ్యాక మోంట్‌గోమరీ వార్డ్, సియర్స్ కేటలాగుల నుంచి చొక్కా దగ్గర్నుంచి పొయ్యి దాకా గేటు ముందు దిగేది. కొట్టువాళ్ళు గోల పెట్టారు, కొన్ని ఊళ్ళలో కేటలాగులు పోగేసి తగలబెట్టారు కూడా. రైతుకి మాత్రం పాతికేళ్ళుగా ఎక్కువ రేటు కట్టిన కసి తీరింది. ఊరు రైతుల మీద బతికే ఊరని పైన అన్నది ఇందుకే. కాటా దగ్గరా, కౌంటర్ దగ్గరా మోసపోయామనుకున్నవాళ్ళు ఆ కొట్లు మూతపడుతుంటే పెద్దగా కన్నీళ్ళు పెట్టుకోలేదు.

తర్వాత కారు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి ధర 1920ల మధ్యకి 300 డాలర్ల లోపుకి దిగింది. ఎనిమిది మైళ్ళు పూట ప్రయాణం కాస్తా అరగంట అయింది. అరగంటలో పెద్ద ఊరు, పెద్ద కొట్టు, సినిమా హాలు అందుబాటులో ఉన్నప్పుడు దగ్గరి ఊళ్ళోని చిన్న కొట్టుకి ఎవరు వెళ్తారు? బండి నడక మీద కట్టిన లెక్క అక్కడితో చెల్లిపోయింది. ఉత్తర డకోటా చరిత్రకారుడు ఎల్విన్ రాబిన్సన్ దీన్నే ‘అతి ఎక్కువ’ అనే తప్పిదం అన్నాడు. ఊళ్ళు ఎక్కువ, రైలు మార్గాలు ఎక్కువ, బ్యాంకులు, బళ్ళు, చర్చిలు అన్నీ అవసరాన్ని మించి వేసేశారని, ఆ తర్వాత చరిత్రంతా వాటిని తగ్గించుకునే బాధేనని ఆయన వాదన. కాస్త కఠినంగా ఉన్నా లెక్కలు ఆయన వైపే ఉన్నాయి.

ఆ లెక్కలివి. 1935లో అమెరికాలో వ్యవసాయ క్షేత్రాలు 68 లక్షలు. 2022 గణన నాటికి 19 లక్షలు. సగటు కమతం 155 ఎకరాల నుంచి 463కి పెరిగింది. కాన్సస్‌లో అది సుమారు 800. ట్రాక్టరు, కంబైన్ ఉన్నవాడు ఐదుగురి భూమి ఒక్కడే చేస్తాడు. మిగతా నలుగురి పిల్లలు బడికి రారు, చర్చికి రారు, మంగలి షాపుకి రారు. 1930ల తొలినాళ్ళలో దేశంలో స్థానికంగా బళ్ళు నడిపే స్కూల్ డిస్ట్రిక్టులు లక్షా 27 వేలు ఉండేవి, ఇప్పుడు 13 వేలు. హైస్కూలు పక్క ఊరికి పోయిన రోజే మా ఊరు పోయినట్టని అక్కడివాళ్ళు అనడం మామూలు. శుక్రవారం సాయంత్రం ఫుట్‌బాల్ ఆట లేని ఊళ్ళో జనం కలుసుకునే చోటే ఉండదు మరి. రైల్వేల మీద నియంత్రణ సడలించిన 1980 నాటి స్టాగర్స్ చట్టం తర్వాత రైల్వేలు గిట్టుబాటు కాని బ్రాంచి లైన్లు వేగంగా ఎత్తేశాయి. ఇప్పుడు 110 బోగీల రైలుని ఒకేసారి నింపే భారీ ఎలివేటర్లు వచ్చాయి, రైతు ముప్ఫై నలభై మైళ్ళు లారీ తోలి ధాన్యం అక్కడ దించుతాడు.

ఈ తరుగుదలకి కొసన నెబ్రాస్కాలోని మొనోవై ఉంది. 1902లో రైలు వచ్చిన ఊరు, 1930ల్లో నూట యాభై మంది ఉన్నారు. 2010 జనాభా లెక్కల్లో ఒక్కరే, ఒక పెద్దావిడ. ఆవిడే మేయరు, ఆవిడే క్లర్కు, ఊరి హోటలు యజమానీ ఆవిడే. మద్యం లైసెన్సుకి తనకి తనే దరఖాస్తు పెట్టుకుని తనే మంజూరు చేసుకునేది. వార్తాసంస్థలకి ఈ ఊరు ఎంతో ఇష్టమైన వింత. కానీ వింత ఊళ్ళ మీద మోజులో అసలు ప్రశ్న పక్కకి పోతుంది: బతికినవి ఎందుకు బతికాయి?

ఎక్కువగా కౌంటీ కేంద్రాలు బతికాయి. పెద్ద రహదారి పక్కనున్నవీ, చిన్నదో పెద్దదో కాలేజీ ఉన్నవీ బతికాయి. కొన్ని మాంసం ఫ్యాక్టరీలతో పెరిగాయి కూడా. కాన్సస్‌లోని గార్డెన్ సిటీ పక్కన హోల్‌కమ్‌లో 1980 డిసెంబరులో ఐబీపీ కంపెనీ పశువుల కబేళా తెరిచింది. ఒగల్లాలా భూగర్భ జలాల మీద మొక్కజొన్న, మొక్కజొన్న మీద పశువులు, పశువుల కోసం కూలీలు. మెక్సికో, వియత్నాం, తర్వాత బర్మా, సోమాలియా వాళ్ళు వచ్చారు. 1980లో 18 వేలున్న ఊరు 2020కి 28 వేలు దాటింది. ఇదీ నిశ్చింతగా ఉన్న ఊరు కాదు, కింద నీళ్ళు తగ్గిపోతున్నాయి. ఇంకొన్ని ఊళ్ళు పాత మందే వాడి చూశాయి. కాన్సస్‌లోని మార్కెట్ (Marquette) అనే చిన్న ఊరు 2003 ప్రాంతంలో ఇల్లు కట్టుకునేవాళ్ళకి ప్లాట్లు ఉచితంగా ఇచ్చింది. 2011లో రాష్ట్రమే రంగంలోకి దిగి, ఎంపిక చేసిన పల్లె కౌంటీలకి బయటి నుంచి వచ్చి స్థిరపడేవాళ్ళకి ఐదేళ్ళు రాష్ట్ర ఆదాయపన్ను మాఫీ, చదువు అప్పులో 15,000 డాలర్ల దాకా సాయం అంది. కొన్ని కుటుంబాలు వచ్చాయి. ఉద్యోగం లేని చోట ఉచిత ప్లాటుకి వచ్చేవాళ్ళు మాత్రం ఎప్పుడూ కొద్దిమందే.

ఇప్పుడు ఊరిని నిలబెట్టేదాంట్లో ఆసుపత్రిది పెద్ద వాటా, చాలాచోట్ల బడి తర్వాత ఎక్కువ జీతాలు ఇచ్చేది అదే. అక్కడికి డాక్టర్లని తెచ్చేది కూడా వలసే. ఉత్తర డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరు మీద 1994లో వచ్చిన పథకం ప్రకారం, జె-1 వీసా మీద ట్రైనింగ్ చేసిన విదేశీ డాక్టరు డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేస్తే రెండేళ్ళు స్వదేశానికి వెళ్ళి ఉండాల్సిన షరతు మాఫీ అవుతుంది. ఏడాదికి రాష్ట్రానికి 30 మంది. గుంటూరు, కర్నూలు, ఉస్మానియా మెడికల్ కాలేజీల్లో చదివి డకోటాల్లో, కాన్సస్‌లో ఊరికి పెద్ద డాక్టరైనవాళ్ళు తెలుగువాళ్ళలో తక్కువేం కాదు. మూడేళ్ళకి ఎవరుంటారు, ఎవరు పోతారన్నది ఎక్కువసార్లు ఇంట్లో రెండో వ్యక్తి ఉద్యోగం, పిల్లల చదువు తేలుస్తాయి. ఆసుపత్రి ఉంటుందా లేదా అన్నది మాత్రం మెడికేర్ (ముసలివాళ్ళకి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) 1997 నాటి నిబంధనలో ఉంది. 25 పడకలు మించని పల్లె ఆసుపత్రికి అయిన ఖర్చు లెక్కన డబ్బు చెల్లిస్తారు. పెద్ద రోడ్డయితే పక్క ఆసుపత్రి 35 మైళ్ళ కంటే ఎక్కువ దూరంలో ఉండాలి. 2006కి ముందు రాష్ట్రాల సిఫార్సుతో చేరిపోయిన దగ్గరి ఆసుపత్రులు చాలానే ఉన్నాయి, వాటి మినహాయింపు తీసేయాలన్న మాట వాషింగ్టన్‌లో అప్పుడప్పుడూ లేస్తూనే ఉంటుంది. ఇలాంటి ఆసుపత్రులు బాగా ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో కాన్సస్ ఒకటి, ఎనభై దరిదాపుల్లో.